పదును నిలిపిన పనితనం

అల్జీర్స్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 250 కిలోమీటర్ల దూరంలో బూ సాదా అనే ఒయాసిస్ పట్టణం ఉంది. ఫ్రెంచి చిత్రకారుడు ఎతియెన్ దినే స్థిరపడిన ఊరది. ఆయన సమాధి కూడా అక్కడే. నన్ను ఆకట్టుకున్నది మాత్రం ఆ ఊరి కత్తి. ఊరి పేరుమీదే దాన్ని ‘బూసాదీ’ అంటారు. వాదర ఒకవైపే. తోలు ఒరలో కాపరి వెంట ఉంటుంది. తాడు కోయాలన్నా, బక్రీద్ నాడు మాంసం కొట్టాలన్నా అదే. అంత మోటు పనులకు వాడే కత్తికి కూడా గీతలు, చుక్కలు, త్రికోణాలతో నగిషీ చెక్కుతారు.

పనిముట్టుకు ఇంత సింగారం దేనికి? దీనికి జవాబు ఉత్తరాన కబీలియా కొండల్లో, ఇఫ్లిస్సెన్ తెగ కమ్మరులు చేసిన ఫ్లీసా అనే పొడవాటి కత్తిలో దొరికింది నాకు. ఉక్కు అలుగు మీద ఉలితో సన్నని గాడి తీస్తారు. అందులో ఇత్తడిని సుత్తితో కొట్టి కూరుస్తారు. పైకి తేలినదాన్ని ఆకురాయితో చదును చేస్తారు. సానరాయి తగిలేది వాదరకే కనుక, ఎన్నేళ్లు పదును పెట్టినా ఆ నగిషీ చెదరదు. తన చేతి వస్తువు ఒక జీవితకాలం వాడకంలో ఉంటుందని నమ్మినవాడే అలా పొదుగుతాడు.

1857లో ఫ్రెంచి సైన్యం కబీలియాను గెలిచింది. అక్కడి 1871 తిరుగుబాటునూ అణచివేసింది. ఆయుధాలతో పని లేకుండా పోయాక ఫ్లీసా మ్యూజియం అద్దాల వెనక్కి చేరింది. అదే కొండల్లో ఆయుధాలూ వెండి నగలూ రెండూ చేసిన ఐత్ యెన్ని పనివాళ్లు నగల మీద నిలదొక్కుకున్నారు. ఆ నగలు పెట్టుకునే ఆడవాళ్లు ఉన్నారు కనుకే అక్కడ కొలిమి ఆరలేదు. కాపరులూ పండగలూ ఉన్నందునే బూసాదీ కూడా బతికింది.

అందుకే హస్తకళను గోడకు తగిలించి కాపాడగలమంటే నేను ఒప్పుకోలేను. అలంకారానికి ఆయువు పోసేది వాడకమే. కొనేవాడు నగిషీని మాత్రమే చూస్తే, చేసేవాడు ఉక్కును పట్టించుకోవడం మానేస్తాడు. ఆ తర్వాత ఆ నగిషీ కూడా పలచబడుతుంది. చేతిపని కత్తి కొనేటప్పుడు ముందు పదును చూడండి. కొన్నాక వంటింట్లో వాడండి. మొద్దుబారితే సాన పట్టించండి. ఆ పనివాడికి మనం చేయగల మర్యాద అదే.