ఆ మాట ఎక్కడిది?

వికీపీడియాలో సమీక్షకుల పనితనం చూడాలనుకుంటే ఏ మహాపురుషుడి వ్యాసమో తెరవకండి. ఒక కార్టూన్ సీరియల్ తొలి ఎపిసోడ్ మీది వ్యాసం తీసి, దాని చర్చా పేజీ చదవండి. ఇరవై రెండు నిమిషాల బొమ్మల కథ కోసం అంత పట్టుదలా అని నేనూ మొదట ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆ పేజీలు వదలబుద్ధి కాదు.

‘ది సింప్సన్స్’ సంగతే చూడండి. 1989 డిసెంబరు 17న ఫాక్స్ చానల్లో క్రిస్మస్ కథతో ఆ సీరియల్ మొదలైంది. పైలట్ అదేనని రాసి చేతులు దులుపుకునేవాళ్లు కోకొల్లలు. నిజానికి ముందు రావలసింది ‘సమ్ ఎన్‌చాంటెడ్ ఈవెనింగ్’. కొరియా స్టూడియోలో తయారై వచ్చిన ఆ భాగాన్ని చూసి నిర్మాతలు హతాశులయ్యారు. తర్వాతి భాగమూ ఇలాగే వస్తే సీరియల్ గతేమిటని భయపడ్డారు. అది కాస్త మెరుగ్గా రావడంతో ఊపిరి పీల్చుకుని, పాడైన దాంట్లో దాదాపు 70 శాతం మళ్లీ చేయించారు. మొదట రావలసిన కథ 1990 మే 13న, సీజన్ చిట్టచివర వచ్చింది.

ఇక్కడే మంచి సమీక్షకుడు కనిపిస్తాడు. ‘తొలి ఎపిసోడ్ అన్నారు. తొలిగా తయారైందా, తొలిగా ప్రసారమైందా? పైలట్ అని ఎవరన్నారు?’ ఈ చిన్న ప్రశ్నతో వ్యాసం మొదటి పేరా అంతా తిరగరాయాల్సి వస్తుంది. తిరగరాశాక చదివితే, మనకు బాగా తెలిసిన టైటిల్స్ ఆ క్రిస్మస్ కథలో ఎందుకు లేవో దానంతటదే బోధపడుతుంది. ఎంత గొప్ప చెయ్యి!

కథాసారం దగ్గర ఇంకా కఠినం. ఇంగ్లీషు వికీలో టీవీ ఎపిసోడ్ కథ 400 పదాలు దాటకూడదు. అభిమాని ప్రతి హాస్యాన్నీ చెప్పాలనుకుంటాడు, సమీక్షకుడు కత్తెర వేస్తాడు. బార్నీ అనే పాత్ర జుట్టు ఆ క్రిస్మస్ భాగంలో పసుపు రంగులో ఉంటుంది. ‘రంగు పొరపాటు’ అని రాస్తే ఒప్పుకోరు. పొరపాటని ఎవరు చెప్పారు? డీవీడీలో దర్శకుడి వ్యాఖ్యానం విని, చెప్పిన మాట పట్టుకొచ్చి మూలంగా పెట్టాలి. ‘విమర్శకులు మెచ్చుకున్నారు’ అని ఒకసారి నేను రాస్తే, ‘ఏ విమర్శకులు? ఏ పత్రికలో? ఏ తేదీన?’ అని మూడు ప్రశ్నలు వచ్చాయి. సమాధానం వెతకడానికి రెండు వారాలు పట్టింది. నాకు రాయడం నేర్పింది ఆ రెండు వారాలే.

వ్యాసం రాసినవాడే దాన్ని ‘మంచి వ్యాసం’ అని తేల్చుకోవడానికి వీల్లేదు, వేరొకరు చూడాలి. ‘విశేష వ్యాసం’ కావాలంటే ఒకరు చాలరు. పలువురు కూర్చుని వాక్యాలు, మూలాలు, బొమ్మల హక్కులు జల్లెడ పడతారు. సింప్సన్స్ ఎనిమిదో సీజన్ ఎపిసోడ్ల వ్యాసాలన్నిటినీ ఒక్కటీ వదలకుండా కనీసం ‘మంచి వ్యాసం’ స్థాయికి చేర్చిన బృందాన్ని తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. జీతం లేదు, వ్యాసం మీద పేరూ ఉండదు.

మనకు ఈ నిష్ఠ కొత్తదా? కొమర్రాజు లక్ష్మణరావు గారు విజ్ఞాన సర్వస్వం తలపెట్టి మూడు సంపుటాలు తెచ్చినా ‘అ’కారం దాటలేదంటారు. తొందరపడలేదు మహానుభావుడు! ఆయన వారసులమైన మనం ఏం చేస్తున్నాం? ఒకప్పుడు తెలుగు వికీలోకి యంత్రానువాద వ్యాసాలు కుప్పలుగా వచ్చి పడ్డాయి. కర్త ఒకచోట, క్రియ ఇంకోచోట. దిద్దలేక దిద్దలేక చివరికి తీసేయాల్సి వచ్చింది. ఇప్పుడు అంతకన్నా నున్నగా రాసే యంత్రాలు వచ్చాయి. వాక్యం చక్కగా ఉంటుంది, మూలం మాత్రం గాలిలో ఉంటుంది. దిద్దుబాట్ల లెక్క పెంచుకోవడానికి ‘మొలకలు’ అనే మూడు ముక్కల వ్యాసాలు నాటి వెళ్లిపోయేవాళ్లను చూస్తే కడుపు రగిలిపోతుంది. మొలక వేసినవాడు నీళ్లు పోయొద్దా?

సమీక్షకులు మరీ చాదస్తులని గొణిగేవాళ్లున్నారు. నేను మాత్రం ఆ చాదస్తుల పక్షమే. మీ ఇంట్లో ఏ కార్టూన్ సీరియల్ డీవీడీ అయినా అటక మీద పడి ఉంటే దించండి. తొలి భాగం వ్యాఖ్యానం వినండి. ఎన్నో నిమిషంలో ఎవరు ఏమన్నారో రాసి, ఆ వ్యాసం చర్చా పేజీలో పెట్టండి. అక్కడ ఎవరో దాని కోసమే ఎదురుచూస్తూ ఉంటారు.