అన్నింటిని అడిగిన ఒక్కటే ఇచ్చు శైలిపత్రము

ఓరుగల్లు విద్యార్థి ఒకడు తన ప్రాంతపు గుడుల పట్టికను ఎక్స్.ఎమ్.ఎల్.లో వ్రాసెననుకొందము. 'గుడులు' అను మూలాంశములో రెండు 'గుడి' అంశములు. ప్రతిదానిలోను మొదట 'పేరు', పిదప 'ఏడు'. మొదటిది హనుమకొండలోని వేయిస్తంభముల గుడి, 1163. రెండవది పాలంపేటలోని రామప్ప గుడి, 1213. 1998లో వెలువడిన ఎక్స్.ఎమ్.ఎల్. ప్రమాణము అంశములకు తెలుగు పేర్లు పెట్టుటకు అడ్డుచెప్పలేదు. ఇది మెచ్చదగినది. శైలిపత్రపు ఆజ్ఞలు మాత్రము ఆంగ్లములోనే యుండును.

ఇక పేర్లన్నియు వెలికి తీయవలెను. ఎక్స్.ఎస్.ఎల్.టి. శైలిపత్రములో 'గుడులు/గుడి/పేరు' అని మార్గము వ్రాసి, విద్యార్థి దానిని 'వాల్యూ-ఆఫ్' అను ఆజ్ఞకు అప్పగించును. ఫలితములో వేయిస్తంభముల గుడి ఒక్కటే కనబడును. రామప్ప ఏమాయెను? మార్గము తప్పని తలచి పిల్లవాడు దానినే పదిమార్లు దిద్దును. నిజమునకు మార్గము రెండు పేర్లను ఎన్నుకొన్నది. 1999 నవంబరు 16న వెలువడిన మొదటి కూర్పులో 'వాల్యూ-ఆఫ్' పత్రక్రమమున మొదటిదానిని మాత్రమే ముద్రించి, తక్కినవాటిని ఒక్కమాటయైన చెప్పక వదలివేయును. ఈ మౌనమే ఆ కూర్పులోని పెద్ద దోషమని నా అభిప్రాయము. మొదటి పేరు పిలిచి హాజరుపట్టీ మూసివేయు ఉపాధ్యాయుని ఎవరు సహింతురు? పైగా అదే కూర్పులోని 'కాపీ-ఆఫ్' ఎన్నుకొన్నవాటినన్నింటిని గుర్తులతో సహా ప్రతి తీయును. ఒకే ఇంట రెండు నీతులు!

ఉపాయము లేకపోలేదు. ఆ మార్గమును 'ఫర్-ఈచ్'కు ఇచ్చి, దానిలోపల 'వాల్యూ-ఆఫ్'కు ఒక చుక్క ఇచ్చిన చాలును. చుక్క యనగా ప్రస్తుతము చేతిలోనున్న అంశము. ఒక్కొక్క పేరును వరుసగా వచ్చును.

మరియొక చిక్కు కలదు. ఒక గుడిలో ఏడు ముందు, పేరు పిదప కావలెనని 'ఏడు | పేరు' అని వ్రాసినను పేరే ముందు వచ్చును. నిలువుగీత కలుపునే గాని వరుస మార్చదు. పత్రములోని వరుసయే చెల్లును.

2007 జనవరి 23న వచ్చిన రెండవ కూర్పు ఈ రెంటిని సరిదిద్దినది. 'వాల్యూ-ఆఫ్' అన్నింటిని నడుమ ఖాళీతో వెలువరించును; 'సెపరేటర్' ఇచ్చిన మనము కోరిన గుర్తును ఉంచును. కామాతో 'ఏడు, పేరు' అన్నచో ఆ వరుస నిలుచును. అయినను శైలిపత్రము తలపై పాత 1.0 అంకె మిగిలియుండి, సెపరేటర్ లేనిచో, కొత్త యంత్రము సైతము పాత అలవాటునే పాటించును. రామప్ప కనబడనపుడు మార్గముకన్న ముందు ఆ అంకెను చూడుడు.