'యజ్ఞం'లో అప్పు లెక్క

కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' (1966) కథను ఊరు మారిన తీరు గురించిన కథగా చదవడం అలవాటు. ఇంటి ఖర్చు కథగా కూడా చదివి చూడాలి. గోపన్న దుర్మార్గుడు కాడు; అప్పు అబద్ధమూ కాదు. అప్పల్రాముడు ఒప్పుకుంటాడు కూడా. అయినా రెక్కలు ముక్కలు చేసుకునే ఆ ఇంట్లో తిండి పోను బాకీకి మిగిలేదేమీ లేదు. పంచాయితీ అప్పుకు లెక్క కట్టిందే గాని గంజికి కట్టలేదు. తండ్రికి మాట నిలవాలి. సీతారాముడికి బిడ్డ బానిస కాకూడదు. పసివాణ్ణి చంపిన ఆ ముగింపు మీద ఎంతో చర్చ జరిగింది. అది పరిష్కారం కాదు, తప్పుడు లెక్కకు వచ్చిన శేషం. పర్లాకిమిడి, బరంపురం తెలుగువారికి ఆ పాత్రల యాస పరాయిది కాదు. వాయిదాలు కట్టే ఏ ఇంటికీ ఆ బాధా పరాయిది కాదు.