సమోసా పట్టీ

హైదరాబాద్ ఇరానీ హోటల్లో చాయ్‌తోపాటు వచ్చే చిన్న ఉల్లిగడ్డ సమోసాను తినేముందు ఒకసారి విరిచి చూడండి. లోపలున్నది పచ్చి ఉల్లిపాయే. కోసి ఉప్పు తగిలిస్తే చాలు, నీళ్ళూరుతుంది. అయినా పైపొర కరకరలాడుతూనే ఉంటుంది. కిటుకు అటుకుల్లో ఉంది. ముక్కల్లో కలిపిన అటుకులు ఆ తడినంతా పీల్చేస్తాయి. ఈ ఉపాయం ఎవరిదోగాని, వాళ్ళకో దండం.

అసలు పనితనం మాత్రం పట్టీలో ఉంది. మైదా ముద్దల్ని చిన్న రొట్టెలుగా ఒత్తి, నూనె రాసి, పొడిపిండి చల్లి, ఒకదానిమీద ఒకటి పేర్చి మళ్ళీ అన్నిటినీ కలిపి పలచగా ఒత్తుతారు. పెనం మీద అటూ ఇటూ తిప్పి, రంగు మారకముందే దించి, చేతులు కాలుతున్నా వేడిమీదే పొరలు విడదీస్తారు. చల్లారితే అతుక్కుంటాయి, ఎక్కువ కాలితే మడతలో విరుగుతాయి. పొరల్ని పట్టీలుగా కోసి, ఒక కొసను పొట్లంలా చుట్టి, కూరి, మూల మీద మూల తిప్పుకుంటూ వచ్చి చివరను మైదా జిగురుతో అంటిస్తారు. మూలలో సూదిమొన అంత సందు మిగిలినా నూనె లోపలికి దూరుతుంది. ఇక మంట సన్నగా ఉండాలి, తొందరపడితే పైన మాడి లోపల మెత్తబడుతుంది.

సమోసా ఇరాన్‌దా, అరబ్బులదా, మధ్య ఆసియాదా అన్న తగువు తెగలేదు. 11వ శతాబ్దంలో గజ్నీ ఆస్థాన చరిత్రకారుడు బేహఖీ దీన్ని ప్రస్తావించాడు. 1226 నాటి బాగ్దాద్ వంటపుస్తకంలోనూ ఉంది. 14వ శతాబ్దంలో ఢిల్లీ సుల్తాను తుగ్లక్ విందులో యాత్రికుడు ఇబ్న్ బతూతా చూసినది ఖీమా, బాదం, పిస్తా, ఉల్లి కూరి పలచని రొట్టెలో చుట్టి నేతిలో వేయించినది. ఆలుగడ్డ అమెరికా ఖండం నుంచి చాలా తర్వాత వచ్చింది. కాబట్టి నెయ్యి, వాము కలిపిన మందపాటి ఆలూ సమోసాయే అసలుదని వాదించేవాళ్ళతో నేను ఏకీభవించను. రుచిలో దానికి వంక పెట్టను, వయసులోనే చిన్నది.

కూరినదాన్ని వదిలేసి పట్టీని పట్టుకుంటే చుట్టరికాలు తేలిగ్గా తెలుస్తాయి. తూర్పు ఆఫ్రికా తీరపు సంబూసా, గోవా నుంచి పోర్చుగల్ దాకా వెళ్ళిన షముసా, మన ఉల్లి సమోసా అన్నీ పలచని పట్టీ మడతలే. హైదరాబాద్ పెళ్ళి విందుల్లో వడ్డించే నలుచదరపు లుఖ్మీది మాత్రం మందపాటి పొర, వేరే చేతివాటం.

ఇప్పుడు రంజాన్ నెలలో తయారు పట్టీలు కట్టలుగా అమ్ముతారు. మందం అన్నిటికీ సమానంగా ఉంటుంది, చేయి కాలే బాధ లేదు. మడత మాత్రం ఇంట్లోవాళ్ళే పెట్టుకోవాలి.