నగిషీ అంటే పైపై హంగేనా?

"నగిషీ" అన్న మాట తెలుగువారికి పరాయిది కాదు. అరబీలోని "నఖ్ష్" ఫార్సీ, ఉర్దూల మీదుగా "నఖ్ఖాషీ"గా సాగివచ్చి మన నోట నగిషీ అయింది. అయితే ఈ ప్రయాణంలో మాట కొంత బరువు కోల్పోయింది. అసలు వస్తువుకు పైన తగిలించిన హంగు అన్న అర్థంలోనే దానిని ఎక్కువగా వాడుతున్నాము. ఉర్దూ నుండి అనువదించేటప్పుడు ఈ మాట దగ్గర నేను పలుమార్లు ఆగవలసి వచ్చింది. కాశ్మీరు అక్రోటు కొయ్యపనికి ఈ అర్థం ఏ మాత్రం సరిపోదు.

శ్రీనగర్ నఖ్ఖాషు కొయ్యకు ఏదీ చేర్చడు, తీసివేస్తాడు. ఉలి తొలగించగా మిగిలినదే చినార్ ఆకు, ద్రాక్షతీగ, తామర. రంగు కూడా పూయడు. వేరు కొయ్య ముదురు వన్నె, కొమ్మ కొయ్య లేత వన్నె. ఆ సహజ వర్ణాన్నీ, చారలనూ మైనంతో మెరుగుపెట్టి వదలుతాడు. పలకలను ఏళ్ళ తరబడి ఆరనిచ్చిన తరువాతనే పని మొదలవుతుంది. తొందరపడితే కొయ్య వంగుతుంది, చీలుతుంది. ఈ కళకు 15వ శతాబ్దపు సుల్తాన్ జైనుల్ ఆబిదీన్ ఆదరణ మూలమని సంప్రదాయం చెబుతుంది.

ఇస్లాం ప్రాణుల చిత్రణను వారించింది గనుక ముస్లిం శిల్పి గత్యంతరం లేక ఆకులను ఆశ్రయించాడని కొందరు విమర్శకులు వ్రాస్తుంటారు. ఇది నిలిచే వాదం కాదు. కాశ్మీరు పనిలో పక్షులూ ఉన్నాయి, చీనా తరహా డ్రాగన్లూ ఉన్నాయి. పైగా, ఒక నిషేధం శిల్పి ఏమి చేయలేదో చెప్పగలదు గాని, చేసినది ఎందుకు అందంగా ఉన్నదో చెప్పలేదు.

ఆ అందానికి కారణం మనకందరికీ పరిచితమైన రెహలులో కనిపిస్తుంది. ఒకే పలకను మందం మధ్యగా చీల్చి, నడిమి కీలును కూడా ఆ కొయ్యలోనే మలుస్తారు. మేకు లేదు, జిగురు లేదు. మంచి రెహలులో నగిషీ కాళ్ళ మీద, అంచుల మీద నిలుస్తుంది. ఖుర్ఆన్ ఉంచే చోటు సాదాగా ఉంటుంది. గ్రంథం తెరచుకోగానే తాను ప్రక్కకు తప్పుకోవడం తెలిసిన కళ అది.

పర్యాటకుల కోసం తయారయ్యే అనేక బల్లలలో, పెట్టెలలో ఈ వినయమే లోపించింది. చినార్ ప్రక్కన గులాబీ, గులాబీ ప్రక్కన తామర. కన్ను నిలవడానికి జానెడు సాదా చోటు లేదు. ఇందుకు నఖ్ఖాషును నిందించడం అన్యాయం. చెక్కడం ఎంత దట్టంగా ఉంటే అంత ధర కట్టేది కొనేవారే కదా!

ఇప్పుడు యంత్రాలు కూడా వచ్చాయి. సాధారణ యంత్రపు మొన పైనుండి క్రిందికి దిగి చెక్కుతుంది, ఆకు అంచు అడుగుకు దూరలేదు. చేతిపనివాడు ఆ అడుగును సైతం తొలిచి నునుపు చేస్తాడు. అది కంటికి కనపడదు, వ్రేలికి మాత్రమే తెలుస్తుంది. ఎవరూ చూడని చోట కూడా పనిని చక్కగా చేయడాన్నే మన ధర్మం ఇహ్సాన్ అంటుంది. అక్రోటు నగిషీలోని సౌందర్య రహస్యం ఇదే.

శ్రామికుని వేతనం గురించి ప్రవక్త (స) చేసిన హెచ్చరిక మనకు తెలియనిది కాదు. మస్జిదుకో, ఇంటికో రెహలు కొనే సోదరులు ఒక్కసారి ఆకు అడుగున వ్రేలు పెట్టి చూడాలి. అక్కడ చేతిపని తగిలితే బేరమాడకుండా దాని వెల చెల్లించాలి. కొనేవారు ఆ అడుగును గుర్తించకపోతే, రేపు దానిని తొలిచేవాడూ మిగలడు.