కాటిసీను పద్యం

బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన హరిశ్చంద్ర నాటకం ఆడేటప్పుడు కాటిసీనులో మన రంగస్థల నటులు గుర్రం జాషువా (1895–1971) శ్మశానవాటి పద్యాలు కూడా కలిపి పాడతారు. ఎవరికి తట్టిందో గానీ, ఎంత గొప్ప ఆలోచన! జాషువా ఓదార్చడు. రాజుల అధికారం, కవుల కలం అన్నీ అక్కడి బూడిదలోనే ఉన్నాయని చూపిస్తాడు. మిగతా పని నటుడి గొంతుది. హార్మోనియం శ్రుతిలో మాట మాటా విడివిడిగా పలికి, పాదం చివర రాగం తీస్తాడు. ఆ రాగం సాగినంతసేపూ వినేవాళ్లకు తమవాళ్లను తలుచుకునే వ్యవధి దొరుకుతుంది. అక్షరం ముక్క రాని పెద్దవాళ్లకు సైతం ఈ పద్యాలు నోటికి వచ్చాయంటే అది ఈ నటుల చలవే. జనం 'వన్స్ మోర్' అంటే, తెల్లవారుజామున అలసిన గొంతుతోనే పద్యం మళ్లీ ఎత్తుకుంటారు.