ఆయాసమే కొలమానం

ఏళ్ల తరబడి శరీరశ్రమ లేని మనిషి వ్యాయామానికి పూనుకున్నప్పుడు రోజుకు ఎన్ని నిమిషాలు, ఎన్ని కిలోమీటర్లు అని ముందుగా అడగడం సహజమే అయినా, గుండె క్షేమానికి సంబంధించినంత వరకు నిమిషాల లెక్క కంటే శ్రమ తీవ్రత ముఖ్యం. ఆ తీవ్రత శరీరం మీద ఎంత హఠాత్తుగా పడిందన్నది అంతకంటే ముఖ్యం. నడక, పరుగు, ఈత, సైకిల్ తొక్కడం వంటివి పెద్ద కండరాలను కొంతసేపు ఒకే లయలో పనిచేయించి గుండె వేగాన్నీ శ్వాసనూ పెంచుతాయి కనుక వాటన్నిటినీ కలిపి కార్డియో అంటున్నారు.

ఈ హఠాత్తు శ్రమ సంగతిని గుండెపోటు వచ్చిన పన్నెండు వందల మందికి పైగా రోగులను ప్రశ్నించి చేసిన ఒక అధ్యయనం అంకెల్లో చూపింది. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం, తీవ్రమైన శ్రమ తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు, వారానికి ఒక్కసారి కూడా అటువంటి శ్రమ చేయనివారిలో 107 రెట్లు పెరగగా, వారానికి ఐదుసార్లు లేదా అంతకు మించి చేసేవారిలో 2.4 రెట్లు మాత్రమే పెరిగింది. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం మామూలుగా అతిస్వల్పం కాబట్టి ఈ రెట్లను చూసి వ్యాయామానికి భయపడనక్కరలేదు. పైగా ముప్పును తగ్గించేది క్రమం తప్పని శ్రమేనని ఆ అంకెలే చెబుతున్నాయి. ప్రమాదమల్లా అలవాటు లేని శరీరాన్ని మొదటి రోజే పరుగెత్తించడంలో ఉంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ తీవ్రత గల వ్యాయామాన్ని సూచించాయి. అయితే ఏమీ చేయకపోవడం కంటే కొద్దిపాటి కదలికైనా మేలనీ, తక్కువతో మొదలుపెట్టి క్రమంగా పెంచాలనీ కూడా అవే చెబుతున్నాయి కనుక, 150 నిమిషాలను కొన్ని నెలల్లో చేరవలసిన గమ్యంగానే చూడాలి తప్ప మొదటి వారమే పూర్తిచేయవలసిన పనిగా భావించకూడదు.

మధ్యస్థ తీవ్రతను గుర్తించడానికి ఏ పరికరమూ అవసరం లేదు. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే అది మధ్యస్థ తీవ్రత. నాలుగు మాటలకే ఊపిరి అందకపోతే అది అధిక తీవ్రత, కొత్తవారు వెంటనే వేగం తగ్గించవలసిన స్థితి. చేతి గడియారాలు చూపే గుండె వేగాన్ని నమ్ముకునేవారు 220 నుంచి వయసును తీసివేసి గరిష్ఠ వేగాన్ని లెక్కగడతారు. ఆ లెక్కన యాభై ఏళ్ల వ్యక్తికి గరిష్ఠం నిమిషానికి 170, మధ్యస్థ తీవ్రత సుమారు 109 నుంచి 129. ఇది సగటు మాత్రమే కనుక ఒక మనిషి అసలు గరిష్ఠ వేగం దీనికి పది పన్నెండు అటూ ఇటూగా ఉండవచ్చు. రక్తపోటుకు బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో గుండె వేగం పెరగకుండా మందే అడ్డుకుంటుంది కాబట్టి వారి విషయంలో ఈ లెక్క పనికిరాదు. అందువల్ల కొత్తవారికి ఆయాసాన్ని మించిన నమ్మకమైన కొలత లేదు.

ఆరంభంలో రోజుకు పది పదిహేను నిమిషాల నడక, వారానికి నాలుగైదు రోజులు సరిపోతుంది. వారం రెండు వారాలకోసారి ఐదేసి నిమిషాలు పెంచుకుంటూ అరగంటకు చేరి, ఆ అరగంట సులువుగా గడుస్తున్నప్పుడే వేగాన్ని పెంచడం మంచిది; సమయాన్నీ వేగాన్నీ ఒకే వారంలో పెంచకూడదు. ఈ ఓపిక ఎందుకంటే శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో అలవాటు పడవు: కొద్ది రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరిగి, కొద్ది వారాల్లోనే ఆయాసం తగ్గుతుంది గానీ, ఎముకలూ, కండరాలను ఎముకలకు కలిపే టెండన్లూ దృఢపడడానికి నెలలు పడుతుంది. ఊపిరి తేలికపడిందన్న ఉత్సాహంతో పరుగుకు దిగినవారికి మోకాలి నొప్పి, మడమ నొప్పి వచ్చేది ఈ తేడా వల్లే. మొదటి ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవడం, చివరి ఐదు నిమిషాల్లో వేగాన్ని మెల్లగా తగ్గించడం కూడా తప్పనిసరి. వేగంగా సాగుతూ ఒక్కసారిగా ఆగిపోతే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరగవచ్చు.

గుండె జబ్బు, మధుమేహం, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారూ, శ్రమపడినప్పుడు ఛాతీలో బరువు, అసాధారణమైన ఆయాసం లేదా స్పృహ తప్పడం ఎప్పుడైనా ఎదురైనవారూ ముందుగా వైద్యుణ్ని సంప్రదించాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి నడక వల్ల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు కనుక మందు మోతాదు, భోజన వేళల గురించి అడిగి తెలుసుకోవాలి. తెలుగు రాష్ట్రాల వేసవిలో చర్మాన్ని చల్లబరచడానికి కూడా గుండె అదనంగా రక్తాన్ని పంపవలసి వస్తుంది కాబట్టి అదే నడక ఎక్కువ శ్రమ అవుతుంది. తెల్లవారుజామున నడవడం, వేగం తగ్గించడం, నీళ్లు తాగడం ఆ కాలంలో వివేకం. నడకలో ఛాతీ నొప్పి వచ్చినా, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకినా, చెమటలు పట్టి కళ్లు చీకట్లు కమ్మినా అక్కడికక్కడే ఆగి వైద్య సహాయం కోరాలి. కాసేపు చూద్దామన్న ఆలోచనే ప్రాణాంతకం కావచ్చు.

ఇతరులు ఎంత దూరం పరుగెత్తుతున్నారో చూసి తన మోతాదును నిర్ణయించుకోవడం ఏ వయసువారికీ తగదు. వ్యాయామం మొదలుపెట్టదలచిన ప్రతి పాఠకుడూ ఈ వారం పది నిమిషాలు, మాట్లాడుతూ నడవగలిగినంత వేగంతో నడవాలి; మరుసటి రోజు మళ్లీ నడవాలనిపించేంత శ్రమే కొత్తవారికి తగిన మోతాదు.